వీరజాతుల పరువు లెక్క ఎవరి చేతిలో ఉంది?

1967 మార్చిలో అమెరికా టీవీ తెర మీద క్లింగాన్లు అనే గ్రహాంతర జాతి వాళ్ళు మొదటిసారి కనిపించినప్పుడు వాళ్ళకు పరువు ప్రతిష్ఠల పట్టింపు పెద్దగా లేదు. స్టార్ ట్రెక్ తొలి ధారావాహికలోని ఆ భాగంలో కోర్ అనే క్లింగాన్ సేనాని ఎదురు తిరగని ఒక గ్రహాన్ని ఆక్రమిస్తాడు, బందీలను చంపిస్తానంటాడు, మెదడులోని రహస్యాలను పిండి బయటకు లాగే యంత్రం గురించి గొప్పలు చెప్పుకుంటాడు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ప్రేక్షకుడికి అతను ఎవరి నీడో విప్పి చెప్పనక్కరలేకపోయింది. పరువుగల శత్రువులు అంతకు మూడు నెలల ముందే, 1966 డిసెంబరులో వచ్చారు. వాళ్ళు రోములన్లు. తన పాలకుల యుద్ధోన్మాదం నచ్చకపోయినా విధి తప్పని ఒక రోములన్ నౌకాధిపతి, ఓడిపోయాక, పరిస్థితులు వేరుగా ఉంటే మనం స్నేహితులమయ్యేవాళ్ళమని కథానాయకుడు కిర్క్‌తో చెప్పి, లొంగిపోవడం ఇష్టంలేక తన నౌకను తానే పేల్చేసుకుంటాడు.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఈ రెండు జాతులూ వేషాలు మార్చుకున్నాయి. 1984 నాటి మూడో స్టార్ ట్రెక్ సినిమాలో క్లింగాన్లు ఎక్కి వచ్చిన వేటపక్షి నౌక ఊహే రోములన్లది. 1987లో మొదలైన కొత్త స్టార్ ట్రెక్ ధారావాహిక నెక్స్ట్ జనరేషన్‌లో వార్ఫ్ అనే క్లింగాన్ అధికారి కథానాయకుల పక్షాన నిలబడ్డాడు, పరువు అతని ఊతపదమైంది. రోములన్లేమో తెర చాటున మంతనాలాడే కుట్రదారులుగా మిగిలారు.

కాబట్టి ఈ కథల్లో పరువు ఒక జాతి నెత్తుటిలోంచి పుట్టుకొచ్చేదేమీ కాదు. రచయితలు అవసరాన్ని బట్టి ఒకరి నుంచి తీసి మరొకరికి తగిలిస్తారు. ఈ సంగతి మరిచిపోయి అభిమానులు ఎవరి పరువు గొప్పదన్న వాదనలో దిగుతారు: క్లింగాన్లా, డ్యూన్ నవలలోని ఫ్రెమెన్లా, స్టార్ వార్స్‌లోని మాండలోరియన్లా? అది తేలే వాదన కాదు. ప్రతి జాతికీ ఒక నియమావళి ఉంటుంది, వాటిని పక్కపక్కన పెట్టి చదివితే అన్నీ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మాట తప్పకు, వెన్ను చూపకు, నిరాయుధుణ్ణి కొట్టకు. తేడా తెలియాలంటే వేరే ప్రశ్నలు వేయాలి. పరువు నిలిచిందో పోయిందో తేల్చే అధికారం ఎవరిది? పోయినప్పుడు ఆ బాకీ ఎవరు తీరుస్తారు?

స్పెయిన్ దక్షిణ ప్రాంతపు పల్లెల్లో పరిశోధన చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జూలియన్ పిట్-రివర్స్ 1960లలో ఈ విషయాన్ని తేటగా చెప్పాడు. మనిషికి తన కళ్ళలో ఉన్న విలువ, సమాజం కళ్ళలో ఉన్న విలువ, ఈ రెండూ కలిసిందే పరువు. రెండూ ఏకీభవించినంత కాలం రచయితకు పని ఉండదు. నేను తప్పు చేయలేదని మనిషికి తెలిసి, చేశావని ఊరంతా అన్నప్పుడే కథ మొదలవుతుంది. నేను ఇక్కడ చూడబోయే జాతులను ఆ ఒక్క చోట నిలబెట్టి పరీక్షిస్తాను.

వీపు తిప్పిన మండలి

క్లింగాన్ల పరువు మీద వచ్చిన కథల్లో గట్టిది 1990 మార్చిలో ప్రసారమైంది. ఖిటోమర్ అనే స్థావరం మీద రోములన్లు దాడి చేసి నాలుగు వేల మంది క్లింగాన్లను చంపారు. ఆ దాడికి లోపలి నుంచి దారి చూపిన ద్రోహి వార్ఫ్ తండ్రి మోగ్ అని, ఇరవై ఏళ్ళ తర్వాత డ్యూరాస్ అనే ప్రముఖుడు ఉన్నత మండలిలో నేరం మోపుతాడు. క్లింగాన్ చట్టంలో తండ్రి ద్రోహం కొడుకులకు అంటుకుంటుంది. వార్ఫ్ వెళ్ళి సవాలు చేస్తాడు, సాక్ష్యం తవ్వి తీస్తాడు. ద్రోహి మోగ్ కాదు, నేరం మోపిన డ్యూరాస్ తండ్రే.

అసలు మెలిక ఆ తర్వాత ఉంది. మండలి అధిపతి కెంపెక్‌కు ఈ నిజం ముందే తెలుసు. డ్యూరాస్ వంశం బలమైనది, దాన్ని ద్రోహి వంశమని ప్రకటిస్తే సామ్రాజ్యం అంతర్యుద్ధంలో చీలిపోతుంది. వార్ఫ్ మానవుల పక్షపు నౌకాదళమైన స్టార్‌ఫ్లీట్‌లో పనిచేస్తూ ఎక్కడో దూరంగా ఉన్నాడు, తండ్రి పేరు కోసం ఇంత దూరం రాడనుకున్నారు. వచ్చాడు. ఇప్పుడు నిజం చెబితే సామ్రాజ్యం పోతుంది, చెప్పకపోతే వంశం పేరు పోతుంది. వార్ఫ్ రెండోదాన్ని ఎంచుకుంటాడు. మండలి మధ్యలో నిలబడి వెలివేతను ఒప్పుకుంటాడు. కెంపెక్ చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వీపు తిప్పుతాడు. తర్వాత డ్యూరాస్, తర్వాత ఒక్కొక్కరుగా సభ్యులంతా. చివరికి మిగిలింది వార్ఫ్ సొంత తమ్ముడు కర్న్. అతను మోగ్ కొడుకని మండలికి తెలియదు, తెలిస్తే అతనూ పోతాడు. తిరుగు అని అన్నే తమ్ముణ్ణి ఒప్పిస్తాడు.

ఆ గదిలో అందరికంటే పరువుగల మనిషి వీపులన్నీ చూస్తూ నిలబడ్డవాడే. అధికారికంగా పరువు పోయినవాడూ అతనే. పిట్-రివర్స్ చెప్పిన రెండు సగాలూ ఇంత కచ్చితంగా విడిపోయిన దృశ్యం ఈ తరహా కథల్లో మరొకటి నాకు గుర్తులేదు. పరువు లెక్కల పుస్తకం మండలి చేతిలో ఉంది, మండలి దొంగలెక్క రాసింది, ఆ దొంగలెక్కను భరించడమే పరువైన పనిగా తేలింది.

వార్ఫ్ ఇలా ఎందుకు ప్రవర్తించాడో అతని పెంపకంలో కనిపిస్తుంది. ఖిటోమర్‌లో అనాథగా మిగిలితే అతణ్ణి భూమికి చెందిన రష్యన్ దంపతులు పెంచారు. క్లింగాన్ పరువును అతను రాజధాని వీధుల్లో చూసి నేర్చుకోలేదు, దూరం నుంచి, కథల్లో విని నేర్చుకున్నాడు. అందుకే అతని పరువుకు రాజకీయం తెలియదు. దేశం దాటిన కుటుంబాల్లో సంప్రదాయం ఒక్కోసారి సొంత ఊరిలోకన్నా గట్టిగా బిగుసుకోవడం మనం చూడనిదేమీ కాదు.

కానీ బాకీ వార్ఫ్ ఒక్కడితో తీరలేదు. 1991లో కొత్త అధిపతి గౌరాన్ అతని వంశం పేరు తిరిగి ఇచ్చాడు. మరో స్టార్ ట్రెక్ ధారావాహిక డీప్ స్పేస్ నైన్ కథలోకి వచ్చేసరికి, కార్డాసియా అనే మరో జాతి రాజ్యం మీద క్లింగాన్ల దండయాత్రను వార్ఫ్ వ్యతిరేకించాడు, దాంతో గౌరాన్ ఆ పేరు మళ్ళీ లాక్కున్నాడు. ఈసారి దెబ్బ కర్న్‌కు తగిలింది. అతని మండలి స్థానం, భూములు అన్నీ పోయాయి. 1996 నాటి భాగంలో కర్న్ తాగి అన్న దగ్గరకు వస్తాడు. నువ్వు నీ మనస్సాక్షి ప్రకారం నడిచావు, నాకు ఏమీ మిగల్లేదు, ఆచారం ప్రకారం నన్ను చంపి నా పరువు నాకు ఇవ్వు అంటాడు. వార్ఫ్ కత్తి దింపుతాడు కూడా. సహచరులు అడ్డుపడి కర్న్‌ను బతికిస్తారు. అంతా అయ్యాక అతని జ్ఞాపకాలు చెరిపేసి, వేరే పేరుతో వేరే ఇంటి కొడుకుగా పంపేస్తారు. చాలామంది అభిమానులకు ఈ ముగింపు మింగుడుపడదు, నాకూ పడలేదు. అయితే పరువు వంశానిదైన చోట ఒకరి నిజాయితీకి మరొకరు శిక్ష అనుభవిస్తారన్న సంగతిని ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన భాగం మరొకటి లేదు.

దీని పక్కనే 1994 నాటి హాస్య కథ ఒకటి పెట్టి చూడాలి. క్వార్క్ ఫెరెంగీ జాతివాడు, సారాయి దుకాణదారు. లాభం తప్ప మరో దేవుడు లేని జాతి అది. ఒక తాగుబోతు క్లింగాన్ అతనితో పెనుగులాడుతూ తన కత్తి మీద తానే పడి చస్తాడు. గిరాకీ పెరుగుతుందని క్వార్క్ తానే చంపానని చెప్పుకుంటాడు, ఆ అబద్ధం అతణ్ణి క్లింగాన్ రాజధాని దాకా ఈడ్చుకుపోతుంది. అక్కడ అతను చచ్చినవాడి భార్య గ్రిల్కా ఇంటి పద్దులు తిరగేస్తాడు. డిఘోర్ అనే శత్రువు కొన్నేళ్ళుగా కత్తి ఎత్తకుండా, అప్పులతోనూ వడ్డీలతోనూ ఆ ఇంటిని తినేస్తున్నాడని కనిపెడతాడు. మండలి ముందు ఆ లెక్కలు చదువుతుంటే మహావీరులంతా చేతిలోని అంకెలు అర్థంకాక తల్లడిల్లిపోతారు. చివరికి ద్వంద్వ యుద్ధం వరకు వస్తుంది. క్వార్క్ తన ఆయుధం నేలకేసి కొట్టి, ఇది పోరాటం కాదు, నన్ను చంపడమే, చంపాలంటే చంపుకోండి అంటాడు. డిఘోర్ నిజంగానే చంపడానికి చెయ్యెత్తుతాడు. గౌరాన్ ఆ చెయ్యి పట్టుకుని ఆపుతాడు. అందరూ వీపు తిప్పుతారు, ఈసారి సరైన మనిషికి.

వార్ఫ్ విషయంలో తప్పిన తీర్పు ఇక్కడ సరిగ్గా ఎలా పడింది? డిఘోర్ తన వెనుక అంతర్యుద్ధం తేగల బలం ఉన్నవాడు కాడు. మండలి పరువును కాపాడింది అది చవకగా దొరికిన రోజునే అనిపిస్తుంది. 1999లో వచ్చిన చివరి భాగాల్లో వార్ఫ్ సహచరి ఎజ్రీ డాక్స్ ఈ మాటే వార్ఫ్ మొహం మీద అంటుంది. పరువు పరువు అంటూనే పైస్థాయిలో అవినీతిని ఏళ్ళ తరబడి సహించిన సమాజం మీది, మీ సామ్రాజ్యం చచ్చిపోతోంది, చావాల్సిందేనేమో అని. నువ్వు చివరిసారి ఎప్పుడు నిజంగా గౌరవించదగ్గ నాయకుణ్ణి చూశావని ఆమె అడుగుతుంటే అతని దగ్గర జవాబు ఉండదు. మార్టోక్ అనే సేనాని పేరు పెరుగుతోందన్న కక్షతో గౌరాన్ అతణ్ణి గెలవలేని యుద్ధాలకు పంపుతున్న రోజులవి. వార్ఫ్ గౌరాన్‌ను ద్వంద్వ యుద్ధంలో చంపి, అధిపతి అంగీని మార్టోక్ భుజాల మీద వేస్తాడు.

మార్టోక్ పేదింటివాడు. సైన్యంలో అధికారిగా చేరడానికి అతను ఒకప్పుడు పెట్టుకున్న దరఖాస్తును పుట్టుక చూసి కొట్టేసిన పెద్దమనిషి ఎవరో కాదు, 1967లో మనకు మొదట కనిపించిన కోర్. అదే పాత్రను అదే నటుడు జాన్ కొలికోస్ 1998లో ముసలితనంలో మళ్ళీ పోషించాడు. పాటలకెక్కిన వీరుడు, కులీనుడు, మతిమరుపుతో సతమతమవుతున్నవాడు. అతను గొప్పగానే చనిపోతాడు. మార్టోక్ మాత్రం అతణ్ణి క్షమించడానికి తొందరపడడు, ఆ పట్టుదలను కథ తప్పు పట్టదు కూడా.

నీళ్ళలో కొలిచే పరువు

ఫ్రెమెన్ల దగ్గరకు వస్తే వాతావరణమే మారిపోతుంది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రచురించిన డ్యూన్‌లో మండలులు, ప్రకటనలు, వీపు తిప్పడాలు తక్కువ. నీటిచుక్క బంగారమైన ఎడారి గ్రహంలో పరువుకు కొలత నీళ్ళే. బల్ల మీద ఉమ్మడం అక్కడ మర్యాద, తన ఒంటిలోని తడిని ఎదుటివాడికి ఇవ్వడమన్నమాట. మనిషి శరీరం అతనిదే, దానిలోని నీళ్ళు తెగవి.

జామిస్ అనే ఫ్రెమెన్ యోధుడు కథానాయకుడైన పదిహేనేళ్ళ పాల్‌ను ద్వంద్వ యుద్ధానికి పిలిచే ఘట్టంలో ఈ ఆచారం పూర్తిగా తెరుచుకుంటుంది. పాల్ బాగా శిక్షణ పొందినవాడు, జామిస్‌ను ఒక దెబ్బతో అదుపులోకి తెచ్చి లొంగిపోతావా అని అడుగుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు మాడ్చుకుంటారు. పిల్లవాడు ఆట పట్టిస్తున్నాడనుకుంటారు, ఎందుకంటే ఆ పోరులో లొంగిపోవడం అనేదే లేదు, ఎవరో ఒకరు చావాలి. వీడు ఇంతవరకు ఎవరినీ చంపలేదని తల్లి జెస్సికా చెప్పాక గాని వాళ్ళకు అర్థం కాదు. చంపాక అందరూ పొగుడుతుంటే, ఆ పొగడ్త కొడుకు తలకెక్కకూడదని ఆమె దగ్గరకు వెళ్ళి హంతకుడివి కావడం ఎలా ఉందని అడుగుతుంది. ఇంత కటువైన తల్లి మాట వీరగాథల్లో అరుదు.

గెలిచినందుకు పాల్‌కు దక్కినవి చూడండి. జామిస్ భార్య హారా బాధ్యత ఒక ఏడాది పాటు అతనిదే, ఆమెను భార్యగానైనా సేవకురాలిగానైనా స్వీకరించాలి. ఇద్దరు పిల్లల పోషణ అతనిదే. జామిస్ శరీరం నుంచి తీసిన ముప్పై మూడు లీటర్ల చిల్లర నీళ్ళూ అతనివే. పోరు నీళ్ళు గెలిచినవాడికి చెందడానికి కారణం ఉంది: ఒంటి తడిని కాపాడే దుస్తులు విప్పి పోరాడాలి, చెమట రూపంలో పోయింది అతనికి తిరిగి రావాలి కదా. అంత్యక్రియల్లో ఒక్కొక్కరు వచ్చి నేను జామిస్ స్నేహితుణ్ణి అంటూ అతని వస్తువు ఒకటి తీసుకుంటారు. పాల్ కూడా అదే మాట అని ఒక వాద్యం తీసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. చచ్చినవాడికి తడి ఇస్తున్నాడని వాళ్ళు నివ్వెరపోయి చూస్తారు.

క్లింగాన్ చంపితే పాట పుడుతుంది, ఫ్రెమెన్ చంపితే సంసారం మీద పడుతుంది. ఒక్కో మనిషీ అవసరమైన తెగలో ద్వంద్వ యుద్ధం ఖరీదైన విలాసం, ఆ ఖరీదును గెలిచినవాడి చేతే కట్టించుకునే ఏర్పాటు ఇది. అమెరికన్ మనోవైజ్ఞానికులు రిచర్డ్ నిస్బెట్, డవ్ కోహెన్ 1996లో ఒక వాదన చేశారు. పోలీసు చేయి అందని చోట, మందల్లాగా సులువుగా తోలుకుపోగల ఆస్తి ఉన్నచోట, నా జోలికి వస్తే ఊరుకోనన్న పేరే మనిషికి కాపలా కాస్తుందని, పరువు పట్టింపు అక్కడే పెరుగుతుందని. ఫ్రెమెన్లలో ఈ కాపలా మనిషికి కాక తెగకు దొరుకుతుంది. కోర్టులు, మండలులు, నక్షత్రాలు దాటే నౌకలు అన్నీ ఉన్న క్లింగాన్లకు ఈ లెక్కన ద్వంద్వ యుద్ధాలు అక్కరలేదు. అవి అక్కడ ఒకప్పటి అవసరం వదిలివెళ్ళిన ఆడంబరం.

ఫ్రెమెన్ ఆచారం కూడా ఒకచోట పగుళ్ళిస్తుంది. నాయకత్వం కావాలంటే పాత నాయకుణ్ణి చంపాలి. పాల్ స్టిల్గార్‌ను చంపాలని తెగ ఎదురుచూస్తుంది. యుద్ధానికి ముందు ఎవరైనా తన కత్తిని తానే విరగ్గొట్టుకుంటారా అని పాల్ అడిగి ఆచారాన్ని దాటేస్తాడు. తెలివైన మాటే. ఆ మాటతోనే పరువు లెక్క తెగ చేతిలోంచి ఒక ప్రవక్త చేతిలోకి జారిపోయిందని హెర్బర్ట్ గట్టిగా చెప్పడు, కానీ తర్వాతి పుస్తకంలో చూపుతాడు. 1969లో వచ్చిన ఆ పుస్తకం చివర, గుడ్డివాళ్ళను ఎడారికి వదిలేయాలన్న పాత ఫ్రెమెన్ చట్టాన్ని గుడ్డివాడైన పాల్ తనకు తానే అమలు చేసుకుని ఇసుకలోకి నడిచిపోతాడు.

వేలంపాట, తెరిచిన ఫిరంగులు

బాటిల్‌టెక్ ఆటలోని క్లాన్లు టీవీ వీరులంత ప్రసిద్ధులు కాకపోయినా, పరువు వెనుక ఉన్న పొదుపును ఇంత బాహాటంగా చూపినవాళ్ళు వేరే లేరు. ఆట 1984లో వచ్చింది, క్లాన్లు 1990 ప్రాంతంలో చేరారు. పూర్వీకులు మహాయుద్ధాల నుంచి పారిపోయి వనరులు చాలని లోకాల్లో స్థిరపడ్డారు. అలాంటి చోట యుద్ధం మొత్తం సమాజాన్ని తినేస్తుంది. అందుకని ఒక గ్రహం మీద దాడి చేసే హక్కు కోసం సేనానులు వేలంపాట పాడతారు, అదీ తలకిందుల వేలం. అతి తక్కువ బలగంతో గెలుస్తానన్నవాడికి హక్కు. ఒక యోధుడితో ఒకడే పోరాడాలి. శత్రువును కూడా ముందే అడుగుతారు, నీ దగ్గర ఏమేమి ఉన్నాయి అని, శత్రువు నిజమే చెబుతాడని నమ్ముతారు.

ఈ నమ్మకమే వాళ్ళను ముంచింది. కథాకాలంలో 3052లో టుకయ్యిద్ అనే గ్రహం మీద భూమి కోసం పందెం యుద్ధం జరిగింది. భూమిని కాపాడుతున్న కామ్‌స్టార్ అనే సంస్థ సేనాని ఫోక్ట్ క్లాన్ల ఆచారం ప్రకారమే వాళ్ళను పిలిచి, వాళ్ళు అలవాటుపడని పద్ధతిలో ఆ యుద్ధాన్ని మూడు వారాలు సాగదీశాడు. తక్కువకు పాడుకోవడమే గొప్ప అనుకునే సేనానులు మందుగుండు కూడా తక్కువే తెచ్చుకున్నారు. ఏడు క్లాన్లు దిగితే తిరుగులేని విజయం ఒక్క వుల్ఫ్ క్లాన్‌కే దక్కింది, పదిహేనేళ్ళ సంధికి అందరూ కట్టుబడ్డారు. భీష్ముడి ఎదుట శిఖండిని నిలబెట్టిన కథ విన్నవాళ్ళకు ఈ ఎత్తు కొత్తగా అనిపించదు. నీ వ్రతం ఏమిటో శత్రువుకు తెలిస్తే అది అతని ఆయుధమే. క్లాన్లలో గమనించాల్సింది ఇంకొకటి: ఓడినా సంధిని గౌరవించారు. ఆ మేరకు వాళ్ళ పరువు కెంపెక్ మండలి కన్నా నిజమైనది.

లెక్క రాసేవాళ్ళిద్దరూ ఒకే పుస్తకం చూడకపోతే ఏమవుతుందో బాబిలోన్ 5 అనే టీవీ ధారావాహిక చెబుతుంది. మిన్బారీ యోధుల ఆచారం ప్రకారం కొత్త నౌక ఎదురైతే ఫిరంగుల తలుపులు తెరిచి చూపించాలి, అది మర్యాద. 2245లో మొదటిసారి ఎదురైన భూమి నౌకకు అది దాడికి సన్నాహంగా కనిపించింది, మిన్బారీ పరికరాల ప్రభావానికి తమ యంత్రాలు కూడా మొరాయించడంతో భయపడి కాల్చారు. మిన్బారీ నాయకుడు దుఖాట్ చనిపోయాడు. యుద్ధమా కాదా అన్నప్పుడు నిర్ణాయకమైన ఓటు వేసింది అతని శిష్యురాలు డెలెన్, దుఃఖంలో, కోపంలో. మూడేళ్ళ పాటు మనుషుల ఊచకోత జరిగింది. ఆ ధారావాహిక మొత్తంలో డెలెన్ చేసే ప్రతి మంచి పని వెనుకా ఈ ఓటు ఉంది, దాన్ని రచయిత స్ట్రజిన్‌స్కీ మనల్ని మరిచిపోనివ్వడు.

ముసుగు తీయనివాళ్ళు

మాండలోరియన్ల విషయం కొంత భిన్నం. 2019లో మొదలైన స్టార్ వార్స్ ధారావాహికలో కథానాయకుడు డిన్ జారిన్ పుట్టుకతో మాండలోరియన్ కాడు, యుద్ధంలో అనాథ అయితే వాళ్ళు చేరదీశారు. అతని వర్గంలో పరువు రక్తంతో రాదు, దీక్షతో వస్తుంది. దీక్షకు గుర్తు ఒకటే, ఇతరుల ఎదుట శిరస్త్రాణం తీయకూడదు. కళ్ళకు కనబడే నియమం కాబట్టి దొంగలెక్కకు చోటుండదు, తీశావా లేదా అంతే. వంశానికి అంటుకునే మచ్చ కూడా ఉండదు. ఇదంతా క్లింగాన్ల మీద మెరుగే.

కాకపోతే ఉద్దేశానికి కూడా అక్కడ చోటు లేదు. 2020లో, పెంచుకుంటున్న పిల్లవాడు గ్రోగూ ఆచూకీ కోసం ఒక యంత్రం ముందు మొహం చూపించక తప్పనప్పుడు డిన్ శిరస్త్రాణం తీస్తాడు. పిల్లల్ని కాపాడడం కూడా వాళ్ళ దీక్షలో భాగమే కదా అన్న వాదన పనిచేయలేదు. అతణ్ణి ఇక మాండలోరియన్ కాదన్నారు. 2023లో అతను ధ్వంసమైన సొంత గ్రహపు గనుల అడుగున ఉన్న నీళ్ళలో మునిగి వచ్చాక గాని చేర్చుకోలేదు. వీటన్నిటికీ ముందే బో-కటాన్ అనే రాజవంశీకురాలు అందరి ముందూ శిరస్త్రాణం తీసి కూర్చుని, మీ వర్గం ఒక మతఛాందసుల గుంపు, మిగతా మాండలోరియన్లకు ఈ నియమమే లేదని తేల్చేస్తుంది. పుస్తకాలు రెండున్నాయన్నమాట.

సరదా అయిన సంగతి ఆమె కత్తి విషయంలో జరుగుతుంది. పాలకులకు చెందిన నల్లని వెలుగు కత్తిని పోరాడి గెలుచుకోవాలి, కానుకగా పుచ్చుకోకూడదు. డిన్ దాన్ని ఇస్తానన్నా ఆమె తీసుకోలేదు. తర్వాత గనుల్లో ఒక జీవి డిన్‌ను పట్టుకుంటుంది, బో-కటాన్ అదే కత్తితో దాన్ని చంపుతుంది. కొంతకాలానికి డిన్ అందరి ముందూ లెక్క చెబుతాడు: ఆ జీవి నన్ను ఓడించింది, దాన్ని ఈమె ఓడించింది, కాబట్టి కత్తి ఈమెదే. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇంతకన్నా మంచి ప్లీడరు వాదన నేను వినలేదు. కఠినమైన ఆచారం ఉన్నచోట ఇలాంటి సందు వెతికేవాడే దాన్ని బతికిస్తాడు.

ఇక మాస్ ఎఫెక్ట్ ఆటలోని టూరియన్ల గురించి ఒక్క మాట చాలు. అక్కడ చేతకానివాణ్ణి పైకి తెస్తే పరువు పోయేది అతణ్ణి పైకి తెచ్చిన పై అధికారికి. బాకీ కిందికి కాక పైకి ప్రవహించే ఏకైక ఉదాహరణ నాకు తెలిసి ఇదే, ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా దీన్ని ఒక నెల అమలు చేసి చూడాలని నాకో కోరిక.

కత్తి పట్టనివాళ్ళ సంగతి

ఇంతవరకు చెప్పుకున్న కథల్లో ఒకరు దాదాపు కనిపించరు: యోధులు కానివాళ్ళు. క్లింగాన్ నౌకల్లో యంత్రాలు బాగుచేసేది, పంటలు పండించేది, రోగం వస్తే మందిచ్చేది ఎవరు? క్లాన్లలో శాస్త్రజ్ఞులు, వర్తకులు, సాంకేతికులు, కూలీలు అని నాలుగు వర్గాలున్నా వేలంపాటలో వాళ్ళ మాట ఉండదు. ప్రయోగశాలలో కాకుండా తల్లి కడుపున పుట్టినవాడన్నది అక్కడ తిట్టు.

ఈ లోపాన్ని కథలోకి తెచ్చినవాళ్ళు కొద్దిమందే. 1997 నాటి బాబిలోన్ 5 కథలో మిన్బారీల యోధ, పూజారి కులాలు పరువు కోసం సొంత నగరాలను తగలబెట్టుకుంటాయి. శ్రామిక కులం మధ్యలో నలిగిపోతుంది. డెలెన్ ఒక పురాతన అగ్నిపరీక్షలో నిలబడుతుంది, ఆమెను తోసి ఆమె చోట చనిపోయేవాడు ఇన్నాళ్ళూ ఆమెకు శత్రువైన యోధుడు నెరూన్. ఆ తర్వాత ఆమె పాలక మండలిని తిరిగి ఏర్పాటు చేసి, ఎక్కువ స్థానాలు ఇళ్ళు కట్టేవాళ్ళకూ దారులు వేసేవాళ్ళకూ ఇస్తుంది. నెరూన్ బలిదానం గురించి అభిమానులు పుటలు పుటలు రాశారు. స్థానాల పంపకం గురించి రాసినవాళ్ళు తక్కువ. మార్పు మాత్రం దానివల్లనే వచ్చింది.

క్లింగాన్లలో ఇలా మాట్లాడినవాడు కోలోస్ ఒక్కడే, 2003లో, ఎంటర్‌ప్రైజ్ అనే స్టార్ ట్రెక్ ధారావాహికలో. ముసలి ప్లీడరు. మానవ నాయకుడు ఆర్చర్ తరఫున వాదించడానికి వస్తాడు, మొదట్లో నోరు విప్పడు, ఎందుకంటే తీర్పు ముందే రాసి ఉందని అతనికి తెలుసు. ఒక రాత్రి జైలు గదిలో కూర్చుని చెబుతాడు. మా నాన్న బడిపంతులు, మా అమ్మ జీవశాస్త్రవేత్త. నా చిన్నప్పుడు క్లింగాన్లంటే యోధులే కాదు. ఇప్పుడు కుర్రాళ్ళందరికీ ఆయుధం పట్టడమే పరువు, మా కోర్టులు కూడా వాళ్ళ చేతుల్లోకి పోయాయి అని. మరునాడు కోర్టులో అతను నిజంగా వాదిస్తాడు. ఆర్చర్‌కు మరణశిక్ష తప్పి మంచు గనుల్లో యావజ్జీవం పడుతుంది, న్యాయమూర్తిని ధిక్కరించినందుకు ప్లీడరుకు ఒక ఏడాది. ఆర్చర్ మనుషులు లంచాలిచ్చి గనుల నుంచి తప్పిస్తున్నప్పుడు కోలోస్‌ను కూడా రమ్మంటారు. అతను ఒప్పుకోడు. శిక్ష పూర్తిచేసి తిరిగి వెళ్ళి కోర్టుల్లో పోరాడాలి, పారిపోయినవాడి మాట ఎవరూ వినరు అంటాడు. కథాకాలం ప్రకారం ఇది వార్ఫ్‌కు రెండు వందల ఏళ్ళ ముందటి సంగతి. ఎజ్రీ మాటలు, కెంపెక్ మండలి తీర్పు చూశాక, కోలోస్ ప్రయత్నం ఎంత దూరం సాగి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు.